ఒక కత్తెర, నలుగురు పిల్లలు: జట్టు పనితో చిన్నపిల్లలకు అర్థశాస్త్రం నేర్పడం ఎలా?

మొదట్లో నేనూ అందరిలాగే చేశాను. బోర్డు మీద ‘కొరత’ అని రాసి, కింద నిర్వచనం రాసి, పిల్లల చేత రెండుసార్లు చదివించాను. రెండు రోజుల తర్వాత అడిగితే ఒకడు లేచి, ‘కొరత అంటే ఏమీ లేకపోవడం’ అన్నాడు. మిగతావాళ్లు తలలూపారు. పాఠం మొత్తం గాలికి పోయిందని అప్పుడే అర్థమైంది.

ఆ తర్వాతి వారం క్రాఫ్ట్ పీరియడ్‌లో కత్తెరలు తక్కువ పడ్డాయి. నలుగురున్న బల్లకు ఒక్కటే ఇచ్చాను. అయిదు నిమిషాల్లో ఒక బల్ల దగ్గర గొడవ, ఇంకో బల్ల దగ్గర వంతులు. మూడో బల్ల దగ్గర ఒక అమ్మాయి కత్తెర పట్టుకుని కూర్చుని అందరి కాగితాలూ తనే కత్తిరిస్తోంది, బదులుగా వాళ్లు ఆమె బొమ్మకు రంగులు వేస్తున్నారు. కొరత, కేటాయింపు, శ్రమ విభజన, మార్పిడి... నేను నోరు తెరవకుండానే అన్నీ జరిగిపోయాయి. నేను చేయాల్సిందల్లా, అయ్యాక వాటికి పేర్లు పెట్టడం.

ఈ వ్యాసంలో చెప్పేదంతా ఆ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. మిగతా సబ్జెక్టులకు జట్టు పని ఒక బోధనా పద్ధతి. అర్థశాస్త్రానికి మాత్రం జట్టే పాఠం. ఒక్కడే ఉంటే బేరం లేదు, ధర లేదు, వంతు లేదు, డబ్బుతో పనే లేదు. నలుగురు కూర్చుంటే ఇవన్నీ పుట్టుకొస్తాయి. ఇది వింత ఆలోచనేమీ కాదు. ఎడ్వర్డ్ చాంబర్లిన్ అనే ఆర్థికవేత్త తన విద్యార్థులనే కొనేవాళ్లుగా, అమ్మేవాళ్లుగా విడదీసి తరగతిలో బజారు నడిపించి, ఆ ఫలితాలను 1948లో ప్రచురించారు. తర్వాతి ఏళ్లలో ఆయన తరగతిలో అలాంటి ఆటలోనే పాల్గొన్న వెర్నన్ స్మిత్ ఆ దారినే పట్టుకుని, 2002లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు.

కింద చెప్పినవి ఆరు నుంచి పదేళ్ల పిల్లల కోసం. వారానికొకటి చొప్పున ఆరేడు వారాలు పడుతుంది. ఎక్కువ చోట్ల నలభై నిమిషాల పీరియడ్ చాలు.

మొదటి మెట్టు: జట్లు కట్టడం

జట్టుకు నలుగురు. ముగ్గురైతే ఇద్దరు ఒకటైపోయి మూడోవాడు మూల కూర్చుంటాడు. ఆరుగురైతే ఇద్దరు కిటికీలోంచి చూస్తుంటారు. దీనికి పాత ఆధారం కూడా ఉంది. మాక్స్ రింగెల్‌మన్ అనే ఫ్రెంచ్ వ్యవసాయ ఇంజనీరు మనుషుల చేత తాడు లాగించి కొలిచారు, ఆ వివరాలు 1913లో అచ్చయ్యాయి. లాగేవాళ్లు పెరిగే కొద్దీ ఒక్కొక్కరు పెట్టే బలం తగ్గింది. పిల్లలూ అంతే, పెద్దలూ అంతే.

స్నేహితులను ఒకే జట్టులో పెట్టకండి. స్నేహితుల మధ్య బేరం ఉండదు. ‘నువ్వే తీసుకో’ అంటారు, పాఠం అక్కడితో అయిపోతుంది. అలాగని ఎప్పుడూ కొట్టుకునే ఇద్దరిని కలిపి కూర్చోబెట్టి తమాషా చూడాల్సిన పనీ లేదు.

నలుగురికీ నాలుగు పనులు ఇవ్వండి: సామాను చూసుకునేవాడు, లెక్క రాసేవాడు, గడియారం చూసేవాడు, జట్టు తరఫున మాట్లాడేవాడు. ప్రతి వారం మార్చండి. ఇది మర్చిపోతే నోరున్నవాడిదే రాజ్యం అవుతుంది. మెతక పిల్లాడు ఆరు వారాలూ గడియారమే చూస్తూ ఉండిపోతాడు.

సామాను విషయంలో ఒక్క నియమం: కావాలనే తక్కువ పెట్టండి. మామూలుగా మంచి టీచర్ అన్నీ సరిపడా సర్దుతుంది. ఇక్కడ సరిపడా సర్దితే పాఠమే ఉండదు. అలాగే, ఆటల్లో అసలు డబ్బు వాడకండి. పిల్లల సొంత వస్తువులూ వద్దు. సొంత పెన్సిల్ పోయిన బాధలో ఏ పిల్లాడికీ ఏ సిద్ధాంతమూ ఎక్కదు.

రెండో మెట్టు: కొరత, ఎంపిక

ఒక్కో జట్టుకు నాలుగు కాగితాలు, ఒక కత్తెర, ఒక గమ్ డబ్బా, మూడు రంగులు ఇవ్వండి. ‘పావుగంటలో నాలుగు కాగితపు ఇళ్లు చేయాలి, ప్రతి ఇంటికీ తలుపు, కిటికీ ఉండాలి’ అని చెప్పి పక్కకు తప్పుకోండి.

తప్పుకోవడమే కష్టం. రెండో నిమిషానికే, ‘టీచర్, వాడు కత్తెర ఇవ్వట్లేదు!’ అని వస్తారు. అక్కడ మీరు తీర్పు చెప్పేస్తే వాళ్లు నేర్చుకునేది ఒక్కటే: కొరత వస్తే టీచర్ దగ్గరకు పరిగెత్తాలని. నేను చెప్పే జవాబు ఎప్పుడూ ఇదే: ‘మీ జట్టులో నలుగురున్నారు కదా, ఏం చేద్దామనుకుంటున్నారు?’ ఏడుపు, కొట్లాట దాకా వస్తే తప్ప అంతకుమించి మాట్లాడను.

సమయం అయ్యాక ప్రతి జట్టు చేత ఒకే విషయం చెప్పించండి: కత్తెర ఎవరి దగ్గర ఎంతసేపు ఉందో, అది ఎలా తేల్చుకున్నారో. వంతులు, పెద్ద గొంతు, ముందు అందుకున్నవాడిది, చీట్లు తీయడం, బాగా కత్తిరించేవాడికే ఇచ్చేయడం... ఒక్కో పద్ధతినీ బోర్డు మీద రాయండి. ధర పెట్టి అమ్మడం పక్కన పెడితే, లోకంలో కొరత వస్తువులను పంచే పద్ధతులు దాదాపుగా ఇవే. ఏది న్యాయంగా ఉంది, దేనివల్ల ఎక్కువ ఇళ్లు పూర్తయ్యాయి అని విడివిడిగా అడగండి. రెండు ప్రశ్నలకు రెండు వేర్వేరు జవాబులు వస్తే మీ క్లాసు బాగా సాగుతున్నట్టే.

ఆ తర్వాతే మాట చెప్పాలి: ‘అందరికీ కావాలి, అందరికీ సరిపోదు. దీన్నే కొరత అంటారు.’ అప్పుడు ఎవరూ ‘ఏమీ లేకపోవడం’ అనరు. కత్తెర ఉంది కదా, అదీ కళ్లెదురుగానే!

ఇదే రోజు ఇంకో ప్రశ్న వేయండి: ‘ఈ పావుగంట ఇళ్లు చేశారు. ఇళ్లు చేయకపోతే ఏం చేసేవాళ్లు?’ చాలామంది ఆడుకునేవాళ్లం అంటారు. ‘అయితే ఈ ఇంటికి మీరు ఇచ్చింది ఏమిటి?’ కాసేపు నిశ్శబ్దం. ఎవరో ఒకరు ‘ఆట’ అంటారు. పెద్ద క్లాసుల్లో అవకాశ వ్యయం అని పేరు పెట్టి భయపెట్టేది దీన్నే. ఈ వయసుకు ‘వదులుకున్నది’ అంటే చాలు. ఇకనుంచి ప్రతి ఆట చివరా ‘ఏం తీసుకున్నావు? ఏం వదులుకున్నావు?’ అని జంటగా అడగడం అలవాటు చేసుకోండి.

మూడో మెట్టు: మార్పిడి

ఒక్కటే ఆట ఆడించే వీలుంటే ఇదే ఆడించండి. ఇందులో తొందర పడకండి.

క్లాసులో ఎంతమంది ఉంటే అన్ని కాగితపు సంచులు తీసుకుని ఒక్కోదాంట్లో ఒక్కో చిన్న వస్తువు వేయండి: రంగు గుండీ, రబ్బరు, స్టిక్కర్, రిబ్బన్ ముక్క, గోళీ, పెన్సిల్ చెక్కే షార్ప్‌నర్. ఖరీదులో పెద్ద తేడా ఉండకూడదు, రకాల్లో మాత్రం ఉండాలి. సంచులు పంచండి. ఎవరికి వచ్చింది వాళ్లు చూసుకుని, ఎంత నచ్చిందో ఒకటి నుంచి అయిదు దాకా చుక్కలు పెట్టాలి. పక్కవాడి చుక్కలు చూడకూడదు. జట్టులో లెక్క రాసేవాడు నలుగురి చుక్కలూ కూడాలి. మీరు అన్ని జట్లవీ కలిపి బోర్డు మీద రాయాలి.

రెండో విడతలో జట్టు లోపల మాత్రమే మార్చుకోవచ్చు. బలవంతం లేదు, ఇద్దరికీ ఇష్టమైతేనే. మళ్లీ చుక్కలు, మళ్లీ కూడిక. మూడో విడతలో తరగతంతా తిరిగి ఎవరితోనైనా మార్చుకోవచ్చు. అయిదు నిమిషాలు గోల గోలగా ఉంటుంది, ఉండనివ్వండి. పక్క క్లాసు వాళ్లకు ముందే చెప్పి ఉంచితే మంచిది.

చివర బోర్డు మీద మూడు అంకెలు ఉంటాయి. 24 మంది పిల్లలనుకుంటే, ఉదాహరణకు 62, తర్వాత 71, తర్వాత 90. ఇప్పుడు అడగండి: ‘కొత్త వస్తువులు ఏమైనా తెచ్చానా?’ లేదు. ‘మరి చుక్కలు ఎలా పెరిగాయి?’

ఈ ప్రశ్న దగ్గర ఎంతసేపు ఆగితే అంత మంచిది. చిన్నపిల్లల మనసులో మార్పిడి అంటే ఒకడు గెలవడం, ఒకడు మోసపోవడం. నిజానికి చాలామంది పెద్దల మనసులోనూ అంతే. ఏ వస్తువూ పెరగకుండానే ఇద్దరూ లాభపడగలరని ఆ మూడు అంకెలు చూపిస్తాయి. నేను ఎంత వివరించినా రాని నమ్మకం, వాళ్లు వేసిన కూడికలోంచి వస్తుంది. మొదటి విడత నుంచి రెండో విడతకు తక్కువ పెరిగి, మూడోదానికి ఎక్కువ పెరిగితే దాని గురించీ అడగండి. తిరిగే చోటు పెద్దదైతే నచ్చే వస్తువు దొరికే అవకాశమూ పెరుగుతుంది. దేశాల మధ్య వాణిజ్యం గురించి తర్వాతెప్పుడో చెప్పాల్సినదానికి విత్తనం ఇదే.

రెండు చిక్కులు వస్తాయి. ఒకటి, తన గుండీని గట్టిగా పట్టుకుని వదలని పిల్లాడు. దానికి రెండే చుక్కలు పెట్టాడు, అయినా ఇవ్వడు. బలవంతపెట్టకండి. చేతికి వచ్చిన వస్తువు మీద మనసు పడిపోవడం మనిషి స్వభావం. కానెమన్, నెచ్, థేలర్ అనే పరిశోధకులు 1990లో ప్రచురించిన ప్రయోగాల్లో, కప్పు చేతిలో ఉన్నవాళ్లు అమ్మడానికి అడిగిన ధర, అది లేనివాళ్లు పెట్టడానికి ఒప్పుకున్న ధరకు సుమారు రెండింతలు ఉంది. పిల్లాడిని మాత్రం, ‘నీ దగ్గర లేకపోతే దీని కోసం మార్చుకునేవాడివా?’ అని ఒక్కసారి అడగండి. ఆలోచించుకోనివ్వండి.

రెండోది, మార్చుకున్నాక ఏడ్చే పిల్ల. నాకు ఒకసారి జరిగింది. ఒక చిన్నది తన రిబ్బన్ ఇచ్చేసి షార్ప్‌నర్ తెచ్చుకుంది, రెండు నిమిషాలకే రిబ్బన్ కావాలని వెక్కిళ్లు. నేను తొందరపడి అవతలి అమ్మాయి చేత వెనక్కి ఇప్పించాను. అంతే, వరుసగా ఆరుగురు వచ్చారు ‘మాదీ వెనక్కి’ అంటూ. మాట మీద నిలబడకపోతే బజారు నడవదని ఆ రోజు నేర్చుకున్నది నేనే. అప్పటి నుంచి ఆటకు ముందే చెప్తున్నాను: ‘చేతులు కలిపితే బేరం కుదిరినట్టు. చేతులు కలిపే ముందు పది లెక్కపెట్టండి.’ ఆ పది అంకెలు చాలా ఏడుపుల్ని ఆపాయి.

నాలుగో మెట్టు: డబ్బు ఎందుకు పుట్టింది?

మూడో మెట్టులో కొన్ని బేరాలు కుదరక చెడిపోయి ఉంటాయి. వాటిని గుర్తుపెట్టుకుని తర్వాతి వారం అక్కడి నుంచే మొదలుపెట్టండి. ‘నాకు నీ స్టిక్కర్ కావాలి, నీకు నా గుండీ వద్దు. నీకు కావాల్సిన గోళీ ఉన్నవాడికి నా గుండీ కావాలి.’ ముగ్గురిని ముందుకు పిలిచి నిలబెట్టి, నేల మీద సుద్దముక్కతో బాణాలు గీయండి. గుండ్రంగా తిరిగే ఆ బాణాలు చూస్తే పిల్లలకు నవ్వొస్తుంది, చిక్కూ అర్థమవుతుంది. ఇద్దరి కోరికలూ ఒకేసారి కలవడం ఎంత అరుదో జెవన్స్ అనే ఆర్థికవేత్త 1875లోనే రాశారు. మీ సుద్ద బాణాలు చెప్పేదీ అదే.

ఇప్పుడు ప్రతి జట్టునూ అడగండి: ‘ఈ చిక్కు లేకుండా ఏం చేయొచ్చు?’ డబ్బు అనే మాట మీరు ఎత్తకండి. అయిదు నిమిషాల్లో ఏదో ఒక జట్టు, ‘అందరూ తీసుకునేది ఒకటి పెట్టుకుందాం’ అంటుంది. ఏది పెట్టుకోవాలో వాళ్లే తేల్చాలి. బయట దొరికే ఆకులు? ఎవడైనా జేబు నింపుకుని రాగలడు. మంచు ముక్క? కరిగిపోతుంది. కుర్చీ? మోయలేం. ఇలా ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ పోతే మిగిలేది చిన్నగా, చెడిపోకుండా, తేలిగ్గా లెక్కపెట్టగలిగేలా, ఎవరు పడితే వాళ్లు తయారు చేయలేనిదిగా ఉంటుంది. మీరు సంతకం చేసిన అట్టముక్కలను టోకెన్లుగా ఇచ్చి మళ్లీ బజారు నడిపించండి.

టీచర్లకు మాత్రం ఒక ముచ్చట. రెండో ప్రపంచ యుద్ధంలో ఖైదీల శిబిరంలో గడిపిన రాడ్‌ఫర్డ్ అనే ఆర్థికవేత్త 1945లో ఒక వ్యాసం రాశారు. శిబిరంలో సిగరెట్లే డబ్బుగా చెలామణి అయ్యాయి. సిగరెట్లు ఒక్కసారిగా ఎక్కువ వస్తే ధరలు పెరిగేవి, కాల్చేసి తగ్గిపోతే ధరలూ తగ్గేవి. పిల్లలకు సిగరెట్ల కథ చెప్పకండి గానీ, దాన్ని తర్వాతి ఆటగా మార్చుకోవచ్చు.

ఆట ఇదీ. ప్రతి జట్టుకూ పది టోకెన్లు ఇచ్చి మూడు స్టిక్కర్లను వేలం వేయండి. ఎంతకు పోయాయో రాయండి. మళ్లీ అలాంటివే మూడు స్టిక్కర్లు, ఈసారి జట్టుకు ఇరవై టోకెన్లు. ధరలు ఎగబాకుతాయి. పిల్లలు మొదట్లో ‘ఇరవై! మేం ధనవంతులం!’ అని గంతులేస్తారు. వేలం అయ్యాక ముఖాలు చూడాలి. ‘టోకెన్లు రెట్టింపయ్యాయి. స్టిక్కర్లు రెట్టింపయ్యాయా?’ ఏడేళ్ల పిల్లలకు ద్రవ్యోల్బణం అనే బరువైన మాట అక్కర్లేదు. ‘డబ్బు ఎక్కువైంది, వస్తువులు అవే ఉన్నాయి’ అన్న మాట వాళ్ల నోటి నుంచి వస్తే చాలు.

అయిదో మెట్టు: పని పంచుకోవడం

మొదటి పది నిమిషాలు ఎవరి గ్రీటింగ్ కార్డు వాళ్లే చేయాలి: కాగితం మడవడం, పువ్వు గీయడం, రంగు వేయడం, మూలన చిల్లు పెట్టి దారం కట్టడం. తర్వాతి పది నిమిషాలు పని పంచుకోవాలి: ఒకరు మడత, ఒకరు గీత, ఒకరు రంగు, ఒకరు దారం. రెండుసార్లూ పూర్తయిన కార్డులు లెక్కపెట్టండి. సగంలో ఉన్నవి లెక్కలోకి రావు. నాణ్యత చూడటానికి వేరే జట్టు పిల్లాడిని పెట్టండి, సొంత జట్టువాడైతే అన్నిటికీ ‘ఓకే’ అంటాడు.

సాధారణంగా రెండోసారి ఎక్కువ వస్తాయి. ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ 1776లో ‘ద వెల్త్ ఆఫ్ నేషన్స్’ పుస్తకంలో చెప్పిన గుండుసూదుల కార్ఖానా కథ ఇక్కడ బాగా నప్పుతుంది. పని తెలియనివాడు ఒక్కడే కూర్చుంటే రోజుకు ఇరవై సూదులు కూడా చేయలేడట. పది మంది పని పంచుకుంటే రోజుకు 48,000. పిల్లలకు పెద్ద అంకెలంటే సరదా, నోరెళ్లబెడతారు.

కానీ నేను ఎక్కువసేపు చూసేది అంకెను కాదు, బల్లను. మడిచేవాడు ఝామ్మని మడిచేస్తుంటాడు. గీసేది చకచకా గీసేస్తుంది. రంగు వేసే పిల్ల ముందు మాత్రం కార్డులు గుట్టగా పేరుకుంటాయి. దారం కట్టేవాడు చేతులు కట్టుకుని కూర్చుని, ‘త్వరగా, త్వరగా’ అంటుంటాడు. ఆ పిల్లకు టెన్షన్, రంగు గీత దాటిపోతుంది. అక్కడ ఆట ఆపండి. ‘ఈ గుట్ట ఎందుకు వచ్చింది? ఏం చేస్తే తగ్గుతుంది?’ ఒక జట్టు, దారం కట్టేవాడు కూడా రంగు వేయాలంటుంది. ఇంకో జట్టు పువ్వు చిన్నది చేద్దామంటుంది. రెండూ మంచి జవాబులే. మేనేజర్లు జీతం తీసుకుని చేసే పని ఇది, మీ పిల్లలు ఊరికే చేసేస్తున్నారు.

చివర ఇంకో ప్రశ్న తప్పకుండా అడగండి: ‘ఏది చేస్తున్నప్పుడు బాగుంది? అంతా నువ్వే చేసినప్పుడా, ఒక్క పనే చేసినప్పుడా?’ సగం మంది మొదటిదే అంటారు. ఒకే పని మళ్లీ మళ్లీ చేస్తే మనిషి మొద్దుబారిపోతాడని ఆ స్మిత్ గారే అదే పుస్తకంలో చివరి భాగంలో వాపోయారు. ఎక్కువ కార్డులు రావడం ఒక సంగతి, చేసేవాడు సంతోషంగా ఉండటం ఇంకో సంగతి. ఈ రెండో సంగతి వదిలేస్తే మనం సగమే నేర్పినట్టు.

ఆరో మెట్టు: పెన్సిల్ వెనక ఎవరున్నారు?

ఇది ఎనిమిదేళ్లు దాటినవాళ్లకు. త్వరగా అయిపోతుంది. జిగ్‌సా పద్ధతి దీనికి సరిగ్గా సరిపోతుంది. 1971లో ఎలియట్ ఆరన్సన్, ఆయన విద్యార్థులు టెక్సాస్‌లోని ఆస్టిన్ బడుల్లో దీన్ని మొదలుపెట్టారు. తెల్లజాతి, నల్లజాతి, లాటినో పిల్లలు కొత్తగా ఒకే గదిలోకి వచ్చి పడిన రోజులవి. కొట్లాటలు తగ్గించడానికి ఆయన చేసిన ఉపాయం: పాఠాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్క ఒక్కో పిల్లాడికే ఇవ్వడం. మిగతా ముక్కలు కావాలంటే పక్కవాడి మాట వినక తప్పదు.

పెన్సిల్‌కు నాలుగు ముక్కలు: చెక్క, నల్లటి పుల్ల, రబ్బరు, దాన్ని పట్టి ఉంచే లోహపు రేకు. ప్రతి జట్టులో ఒకరు ఒక్కో ముక్క తీసుకుంటారు. చెక్కవాళ్లంతా ఒక చోట, పుల్లవాళ్లంతా ఒక చోట కూర్చుని మీరిచ్చిన అరపేజీ చదువుకుని, తిరిగి తమ జట్టుకు వచ్చి చెప్పాలి. పుల్లవాళ్ల దగ్గర మంచి కబురుంటుంది: అందులో సీసం ఉండదు, గ్రాఫైట్ ఉంటుంది. గ్రాఫైట్‌లో బంకమట్టి కలిపి కాల్చే పద్ధతికి నికొలా-జాక్ కోంతే 1795లో పేటెంటు తీసుకున్నారు. నలుగురూ చెప్పాక, ‘ఈ పెన్సిల్ మొత్తం ఒక్కరే, మొదటి నుంచి చివరిదాకా చేయగలరా?’ అని అడిగి వదిలేయండి.

ఏడో మెట్టు: చెరువు ఆట

జట్టు మధ్యలో ఒక గిన్నె, అందులో 16 పూసలు. అవి చేపలు. ప్రతి విడతలో ఒక్కొక్కరు సున్నా నుంచి నాలుగు దాకా తీసుకోవచ్చు. విడత అయ్యాక గిన్నెలో మిగిలినవాటికి అన్నే పూసలు మీరు కలుపుతారు, కానీ 16 దాటకూడదు. మొదటి ఆటలో మాట్లాడుకోకూడదు. ఎన్ని విడతలో చెప్పకండి. చెప్తే ఆఖరి విడతలో గిన్నె ఊడ్చేస్తారు.

లెక్క మీరు ముందే చూసుకోండి. నలుగురూ నాలుగేసి తీస్తే మొదటి విడతలోనే గిన్నె ఖాళీ. మూడేసి తీస్తే నాలుగు మిగిలి ఎనిమిదవుతాయి, తర్వాత రెండేసి తీస్తే అయిపోతుంది, తలకు అయిదు. రెండేసే తీస్తే ఎనిమిది మిగిలి మళ్లీ పదహారవుతాయి, ఎన్నాళ్లయినా నడుస్తుంది. ఆరు విడతలకు తలకు పన్నెండు.

మాట్లాడుకోకుండా ఆడినప్పుడు చాలా గిన్నెలు రెండు మూడు విడతల్లో ఎండిపోతాయి. ఒక్కడు నాలుగు తీస్తే పక్కవాడికి భయం, ‘నాకు మిగలదేమో’ అని వాడూ నాలుగు తీస్తాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, గిన్నె ఖాళీ అయ్యాక ఒకరినొకరు చూసుకుంటారు. రెండో ఆటలో మాట్లాడుకోనివ్వండి. నియమాలు వాళ్లే రాసుకోవాలి, తప్పినవాడికి ఏం చేయాలో కూడా వాళ్లే.

గారెట్ హార్డిన్ అనే జీవావరణ శాస్త్రవేత్త 1968లో ఉమ్మడి వనరులు తప్పకుండా నాశనమవుతాయన్నట్టు రాశారు. ఎలినార్ ఆస్ట్రమ్ ప్రపంచంలో చాలాచోట్ల తిరిగి, జనం తమలో తాము నియమాలు పెట్టుకుని చెరువులు, అడవులు, మేత భూములు కాపాడుకుంటున్నారని చూపించారు. అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఆమే, 2009లో. మీ తరగతిలో మొదటి ఆట హార్డిన్‌ది, రెండో ఆట ఆస్ట్రమ్‌ది. ఈ రెండిట్లో ఒక్కటే ఆడించి ఆపకండి. మొదటిది మాత్రమే ఆడితే పిల్లలు ‘మనుషులంతా దురాశపరులు’ అనుకుని ఇంటికి వెళ్తారు.

జట్లలో వచ్చే తగువుల గురించి

పని చేయకుండా కూర్చుని కార్డుల లెక్కలో వాటా అడిగేవాడు ప్రతి జట్టులోనూ తేలతాడు. వాడిని తిట్టకండి, వాడు మీకు దొరికిన ఉదాహరణ. పేరు ఎత్తకుండా తరగతి మొత్తాన్నీ అడగండి: ‘ఒకరు పని చేయకపోయినా అందరికీ సమానంగా ఇస్తే ఏమవుతుంది? సమానంగా ఇవ్వకపోతే ఏమవుతుంది?’ పిల్లలకు న్యాయం విషయంలో చాలా గట్టి అభిప్రాయాలుంటాయి. ఒకసారి ఒక కుర్రాడు, ‘వాడికి కత్తిరించడం రాదు టీచర్, అందుకే కూర్చున్నాడు’ అన్నాడు. చేయనివాడికీ చేయలేనివాడికీ తేడా ఉందని ఎనిమిదేళ్లవాడు చెప్పాక నేను కలపడానికి ఏమీ మిగల్లేదు.

బహుమతులు, ర్యాంకులు పెట్టకండి. గెలిచిన జట్టుకు చప్పట్లు అన్నారంటే వచ్చే వారం నుంచి ప్రతి ఆటా పోటీ అయిపోతుంది, ఎందుకు ఓడామో ఎవరూ ఆలోచించరు. ఇంకో జాగ్రత్త, ఇది చాలా ముఖ్యం: ‘మీ ఇంట్లో డబ్బు ఎలా ఖర్చు పెడతారు?’ అని అడగకండి. తరగతిలో అందరి ఇళ్లూ ఒకలా ఉండవు. సంచుల్లోంచి, పూసల్లోంచి ఎంత చెప్పుకున్నా పర్వాలేదు, ఇంటి గుట్టు బల్ల మీదకు రాకూడదు.

మాట్లాడుకునే పది నిమిషాలు

ఆట ముప్పై నిమిషాలైతే చర్చ పది. గంట కొట్టేస్తుందని చర్చ వదిలేస్తే ఆట వట్టి ఆటే. అలాంటప్పుడు ఆటనే తగ్గించండి. వరుస ఎప్పుడూ ఒకటే: ముందు ఏం జరిగింది, తర్వాత ఎందుకు జరిగింది, ఆఖర్న దాని పేరు. పేరు ముందు చెప్తే పిల్లలు దాన్ని బట్టీ పట్టి, చూడటం మానేస్తారు. ఒక్కో వారం ఒక్క మాటే. వాళ్ల భాషలోనే, వాళ్ల జట్టులో జరిగిన సంఘటనతో కలిపి గోడ మీద చార్టులో రాయించండి. ‘మార్పిడి: రిబ్బన్ ఇచ్చాను, స్టిక్కర్ తెచ్చుకున్నాను, ఇద్దరం నవ్వాం.’ ఇంతకన్నా మంచి నిర్వచనం నేను ఇంకెక్కడా చదవలేదు.

వచ్చిందో లేదో ఎలా తెలుస్తుంది?

పరీక్ష పెట్టకండి. ఆరేడు వారాలయ్యాక, ఏమీ చెప్పకుండా మొదటి రోజు ఆటే మళ్లీ పెట్టండి. అవే నాలుగు కాగితాలు, అదే కత్తెర, అదే పావుగంట. ఒక నోట్‌బుక్ పట్టుకుని తిరుగుతూ మూడు విషయాలు రాసుకోండి: పని మొదలవ్వడానికి ఎంతసేపు పట్టింది, కత్తెర గురించి ఎవరు ఏమన్నారు, మీ దగ్గరకు ఫిర్యాదుతో ఎంతమంది వచ్చారు.

పోయినసారి నా పుస్తకంలో రాసుకున్నది ఇది. మొదటి రోజు కత్తెర కోసం తోపులాడుకున్న బల్లే. సామాను చూసుకునే అమ్మాయి కత్తెరను మధ్యలో పెట్టి, ‘ముందు ఎవరికి కావాలి?’ అంది. ముగ్గురు చేతులెత్తారు. నాలుగోవాడు కాసేపు ఆలోచించి అన్నాడు: ‘నాకు ఆఖర్న ఇచ్చినా పర్లేదు. కానీ ఎర్ర రంగు ఇప్పుడే కావాలి.’